ఫ్యామిలీతో విదేశానికి పోతున్నారా? పిల్లల స్కూలు సంగతి ముందు ఇలా తేల్చుకోండి

వీసా ఖాయమైందని తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "అక్కడ మంచి స్కూలు ఏదన్నా?" అని. తిరుపతిలో అయితే లీలామహల్ సర్కిల్లో కట్టిన ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి, మేనత్త కొడుకు ఎక్కడ చదివాడో కనుక్కుని, ఆదివారం పోయి అడ్వాన్స్ కట్టేసి వస్తాం. దేశం దాటాక ఆ పద్ధతి పనికిరాదు. స్కూలు పేర్లు వెతికే ముందు మొగుడూ పెళ్లాం కూర్చుని ఒక లెక్క తేల్చుకోవాలి: అక్కడ ఎన్నేళ్లు ఉంటాం, పిల్లలు పదో తరగతి ఎక్కడ రాస్తారు, ఇంటర్ ఎక్కడ చదువుతారు? ఇది తేలితే సగం స్కూళ్లు లిస్టులోంచి వాటంతట అవే పోతాయి. తేలకపోతే ఎంత గొప్ప స్కూలైనా మూడేళ్ల తర్వాత తలనొప్పే.

గల్ఫ్ సంగతి ముందు చెప్తాను, పీలేరు, మదనపల్లె, రైల్వేకోడూరు వైపు నుంచి చాలామంది పోయేది అక్కడికే కాబట్టి. అక్కడి ప్రభుత్వ బడులు దాదాపుగా ఆ దేశం వాళ్ల పిల్లల కోసమే, పాఠాలు అరబిక్‌లో. మనకు దిక్కు ప్రైవేటు స్కూళ్లే. వాటిలో సీబీఎస్ఈ ఉంటుంది, బ్రిటిష్ ఉంటుంది, అమెరికన్, ఐబీ (చాలా దేశాల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియట్) కూడా ఉంటాయి. రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పోతున్నవాళ్లు ఎక్కువ ఆలోచించకుండా సీబీఎస్ఈ పట్టుకోండి. అవే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఏప్రిల్‌లో కొత్త క్లాసు, తిరిగొచ్చినప్పుడు టీసీ ఇస్తే తిరుపతిలోనో చిత్తూరులోనో పై క్లాసులో కూర్చోబెడతారు. బ్రిటిష్ స్కూళ్లలో ఏడాది ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మొదలై ఎండాకాలం దాకా నడుస్తుంది, క్లాసుల లెక్క కూడా ఒకటి ముందుంటుంది. అక్కడ ఇయర్ 6 పూర్తి చేసిన పిల్లోడు మన లెక్కలో ఐదో తరగతి పూర్తి చేసినట్టే. ఇది తెలియక "మావాడు ఆరు చదివేశాడు, ఏడులో వేసుకోండి" అని ఇక్కడి ప్రిన్సిపాల్‌తో వాదించే తండ్రులు ఉన్నారు.

తిరిగొచ్చే టైమ్ కూడా ముందే చూసుకోండి. సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్షకు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే అయిపోతుంది, పన్నెండుకు పదకొండులో. మధ్యలో, అంటే పదిలోకో పన్నెండులోకో నేరుగా చేరాలంటే తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం చూపించి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. అందుకే కదిలితే తొమ్మిదిలో చేరకముందు కదలాలి, లేదంటే పది అయ్యాక. మీ కంపెనీ కాంట్రాక్టు ఈ లెక్క చూసి రాయదు కదా, మీరే చూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది, ఇది కౌన్సెలింగ్ రోజు దాకా చాలామందికి తెలియదు. మన రాష్ట్రంలో ఈఏపీసెట్ రాసి ఇంజినీరింగ్ సీటు తెచ్చుకోవాలంటే కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి. చిత్తూరు, తిరుపతి వాళ్లం మనం ఎస్వీ యూనివర్సిటీ పరిధిలో, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు వాళ్లతో కలిపి. ఎస్వీయూ లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ, వరుసగా ఇక్కడే చదివుండాలి. ఆ నాలుగేళ్లూ దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో చదివిన పిల్లోడు, తాతది చంద్రగిరి అయినా, ఇల్లు తిరుచానూరు రోడ్డులో ఉన్నా, లోకల్ కాడు. మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి, అక్కడ కూడా తల్లో తండ్రో రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపించాల్సి వస్తుంది. కాబట్టి మా వాడు ఇక్కడే ఇంజినీరింగ్ అనుకునేవాళ్లు ఎనిమిది అయ్యేలోపు వెనక్కి రావడం గురించి గట్టిగా ఆలోచించండి.

వెనక్కి రాలేము అంటే దారులు మూసుకుపోయినట్టేమీ కాదు. ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీల్లాంటి వాటిలో విదేశంలో చదివిన పిల్లలకు డాసా అని విడిగా సీట్లు ఉంటాయి, జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే. అందులోనే గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకు సీఐడబ్ల్యూజీ అని ఒక కేటగిరీ ఉంది, దాంట్లో వస్తే ట్యూషన్ ఫీజు డాలర్లలో కాకుండా ఇక్కడి పిల్లలు కట్టే లెక్కలోనే ఉంటుంది. గల్ఫ్‌లో ఉండి ఈ సంగతి తెలియనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిబంధనలు ఏటా కాస్త మారుతుంటాయి, పిల్లోడు తొమ్మిదిలో ఉన్నప్పుడే ఆ ఏటి బ్రోచర్ ఒకసారి చదివిపెట్టుకోండి. అమెరికాలో పుట్టి ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్న పిల్లల సంగతి వేరే. 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ తీసుకున్నవాళ్లు నీట్, జేఈఈ లాంటివాటిలో ఎన్నారై సీట్లకే పోటీ పడాలి. పాపను ఇంటర్‌కి తిరుపతి పంపించి ఎంబీబీఎస్ చదివిద్దాం అనుకునేవాళ్లు ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు డబ్బు. గల్ఫ్‌లో స్కూలు ఫీజు అంటే వెబ్‌సైట్‌లో కనపడే ట్యూషన్ ఫీజు ఒక్కటే అనుకోకండి. ఫీజు పట్టిక పూర్తిగా తెప్పించుకుని కింది వరుసల దాకా చదవండి. రిజిస్ట్రేషన్ ఒకటి, సీటు ఖాయం చేసే డిపాజిట్ ఒకటి, పుస్తకాలు, యూనిఫాం, పై క్లాసులకు ల్యాబ్, కొన్నిచోట్ల ట్యాబ్ కొనాలి, పరీక్ష ఫీజు విడిగా, అన్నిటికీ మించి బస్సు. తక్కువ ఫీజున్న ఇండియన్ స్కూల్లో బస్సు చార్జీ ఫీజులో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది, ఇద్దరు పిల్లలుంటే రెండింతలు. ఇక పై వైపు చూస్తే దుబాయ్‌లో ఏడాదికి లక్ష దిర్హమ్‌లు దాటిన స్కూళ్లు కూడా ఉన్నాయి, అవి కంపెనీ కట్టేవాళ్లకు. దుబాయ్‌లో ఒక మేలు ఏంటంటే ప్రైవేటు స్కూళ్లను చూసే కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఏ స్కూలుకు ఎంత ఫీజు ఆమోదించిందో తన సైట్లో పెడుతుంది. స్కూలు వాళ్లు ఇచ్చిన కాగితాన్ని దాంతో పోల్చి చూసుకోండి.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే హెచ్ఆర్‌ను అడగాల్సిన నాలుగు మాటలున్నాయి. పిల్లల చదువు అలవెన్స్ ఉందా, ఎంతమంది పిల్లలకు, బస్సు అందులో కలుస్తుందా, స్కూలుకు నేరుగా కడతారా లేక మనం కట్టి బిల్లు పెట్టుకోవాలా. నోటి మాట వద్దు, లెటర్‌లో రాయించుకోండి. చేరిన తర్వాత అడిగితే "పాలసీలో లేదు" అన్న ఒక్క మాటతో సరిపెడతారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను, కొందరికి నచ్చదు. యూఏఈలో ఫ్యామిలీ వీసాకు జీతం 4000 దిర్హమ్‌లు, లేదా 3000తో పాటు కంపెనీ ఇల్లు ఉంటే చాలు. వీసా వస్తుంది కదా అని ఆ జీతం మీద ఇద్దరు పిల్లల్ని తీసుకుపోతే అద్దె, ఫీజు, బస్సు కట్టేసరికి ఊరికి పంపడానికి ఏమీ మిగలదు, పిల్లలు ఒక గదిలో పెరుగుతారు. అలాంటప్పుడు పిల్లల్ని అవ్వా తాతల దగ్గర ఉంచి చిత్తూరులో చదివించడం తప్పేమీ కాదు. కాకపోతే అవ్వకు అరవై దాటి మోకాళ్ల నొప్పులు ఉంటే, పిల్లోడు ఎనిమిదో తొమ్మిదో చదువుతుంటే, ఆ వయసు పిల్లోణ్ణి ఆమె అదుపు చేయలేదు. అప్పుడు అమ్మ ఇక్కడుండాలి, లేదా హాస్టల్ చూడాలి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ లాంటి రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి అడిగేవాళ్లు ఉంటారు. అక్కడ సీటు అనుకోగానే దొరకదు, ఫీజూ తక్కువ కాదు, కాబట్టి ఏడాది ముందు నుంచే ప్రయత్నం ఉండాలి.

గల్ఫ్‌లో స్కూలును తూచేటప్పుడు పేరు కంటే ముందు బస్సు టైమ్ అడగండి. మీ బిల్డింగ్ దగ్గర మొదటి పికప్ ఎన్నింటికి, సాయంత్రం చివరి డ్రాప్ ఎన్నింటికి? పొద్దున అయిదున్నరకు నిద్ర లేపి గంటన్నర బస్సులో కూర్చోబెడితే, అయిదేళ్ల బిడ్డకు అది రోజూ తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోయొచ్చినంత పని. పేరున్న స్కూలు దూరంగా, మామూలు స్కూలు పది నిమిషాల్లో ఉంటే చిన్న క్లాసులకు నేను దగ్గరదే అంటాను. బస్సులో పిల్లల్ని దింపే ఆయా ఉందా, అందరూ దిగారా లేదా అని చివర్లో ఎవరు చూస్తారు, ఇది కూడా అడగండి. అక్కడి ఎండలో ఇది చిన్న విషయం కాదు.

దుబాయ్, అబుదాబి స్కూళ్లకు తనిఖీ రిపోర్టులు ఉంటాయి, ఔట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ దాకా గ్రేడులు. పై గ్రేడు చూసి ఆగిపోకండి. దుబాయ్ రిపోర్టులో మొదటి పేజీల్లోనే ఏటా ఎంత శాతం టీచర్లు మానేస్తున్నారో ఉంటుంది, అది చూడండి. ఏటా మూడో వంతు టీచర్లు వెళ్లిపోయే స్కూల్లో పిల్లోడికి లెక్కల టీచర్ పేరు గుర్తుండేలోపు ఆమె మారిపోతుంది. రిపోర్టు ఏ ఏడాదిదో కూడా చూడండి, ఎందుకంటే దుబాయ్‌లో 2024-25 నుంచి మామూలు తనిఖీలు ఆపారు, పాత గ్రేడే బోర్డు మీద ఉంటుంది. యూఏఈలో ముస్లింలు కాని మన పిల్లలు కూడా తొమ్మిది దాకా అరబిక్ చదవాలి. అది చూసి టెన్షన్ పడకండి, మొదటి తరగతిలో చేరినవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఏడులో కొత్తగా చేరే పిల్లలకు మాత్రం వాళ్ల స్థాయి నుంచి నేర్పే విడి గ్రూపు ఉందా అని అడగండి. సౌదీలో, ఒమన్‌లో ఎంబసీ అండతో నడిచే ఇండియన్ స్కూళ్లు ఉన్నాయి, ఫీజు కాస్త అందుబాటులో ఉంటుంది, క్లాసులో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, కొన్నిచోట్ల మధ్యాహ్నం షిఫ్టు. కువైట్, సౌదీ, ఖతర్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు ఈ షిఫ్టులూ సెలవులూ ముందే సరిచూసుకోవాలి.

అమెరికా లెక్క పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ స్కూలు ఎంచుకోవడం అంటే ఇల్లు ఎంచుకోవడమే. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద, వచ్చిన పిల్లలకు కూడా పబ్లిక్ స్కూల్లో పన్నెండు దాకా చదువు ఉచితం, సీటు మాత్రం మీరు ఉండే అడ్రస్‌ను బట్టి వస్తుంది. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు చూపించాలి. అందుకే మనవాళ్లంతా ఫ్రిస్కో, ఎడిసన్, క్యూపర్టినో అంటూ ఒకేచోట గుమిగూడి, అద్దెలు పెంచుకుని, పదికి తొమ్మిది రేటింగ్ ఉన్న స్కూలు అని చెప్పుకుంటుంటారు. గ్రేట్‌స్కూల్స్ అనే వెబ్‌సైట్ ఇచ్చే ఆ రేటింగ్‌లో పరీక్ష మార్కుల బరువు ఎక్కువ, ఆ మార్కులు చాలావరకు అక్కడుండే కుటుంబాల ఆదాయాన్ని బట్టి ఉంటాయి. ఆరు, ఏడు రేటింగ్ ఉన్న స్కూల్లో మంచి టీచర్లు, తక్కువ అద్దె, కాస్త తక్కువ ఒత్తిడి దొరికే చోట్లు చాలా ఉన్నాయి. ఏది తేల్చుకున్నా ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్లో ఆ ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి "యెస్, యెస్" అంటుంది, తీరా చూస్తే రోడ్డుకు అవతలి వైపు వేరే స్కూలు.

టీకాల కాగితం సంగతి ఇక్కడే తిరుపతిలో తేల్చుకుని పోండి. ఏఎన్ఎం రాసిచ్చిన కార్డు ఉంటుంది కదా, మడతలు పడి, ఒక పక్క సిరా చెదిరి, తేదీల్లో నెల ముందా రోజు ముందా తెలియకుండా. దాన్ని అమెరికా స్కూలు నర్సు చదవలేదు. పిల్లల డాక్టర్ దగ్గరికి పోయి, టీకా పేరు, వేసిన తేదీ, నెలను అక్షరాల్లో రాయించి, లెటర్‌హెడ్ మీద సంతకం, స్టాంపు తీసుకోండి. మన ప్రభుత్వ టీకాల జాబితాలో అమ్మవారు టీకా, అంటే చికెన్‌పాక్స్‌ది, లేదు. అమెరికాలో స్కూళ్లు దాన్ని అడుగుతాయి. పీహెచ్‌సీలో మాత్రమే వేయించిన పిల్లలకు అది తప్పకుండా మిగిలుంటుంది. ఇక్కడ వేయించుకుంటే సులువు, అక్కడ ఇన్సూరెన్స్ మొదలయ్యేదాకా ఆగాల్సి వస్తుంది. టీబీ పరీక్ష అడిగితే రక్త పరీక్ష చేయించండి, మన పిల్లలకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో ఉత్తపుణ్యానికి పాజిటివ్ రావచ్చు.

చేర్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని. తెలుగు అని రాస్తే పిల్లోణ్ణి వెనకబడిన గ్రూపులో వేస్తారని భయపడి ఇంగ్లీష్ అని రాసేవాళ్లు ఉన్నారు. తెలుగు అనే రాయండి. ఒక చిన్న ఇంగ్లీష్ పరీక్ష పెడతారు, వచ్చిన పిల్లలు దాటేస్తారు, రానివాళ్లకు ఉచితంగా విడి సాయం దొరుకుతుంది. ఆరో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు మొదటి ఏడాది ఆ సాయం ఎంతో అవసరం. వయసు లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది; టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో సెప్టెంబరు 1కి అయిదేళ్లు నిండితేనే కిండర్‌గార్టెన్, ఇక్కడ యూకేజీ అయిపోయిందని చెప్పినా వినరు. పై క్లాసుల పిల్లలకు ఒక మాట, అక్కడ తొమ్మిదో తరగతి మార్కుల నుంచే కాలేజీ అడ్మిషన్లలో లెక్క. తొమ్మిది మధ్యలో తీసుకుపోవడం అన్నిటికంటే కష్టమైన టైమ్.

మిగతా దేశాలు క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ స్కూళ్లు ఉచితం, దరఖాస్తు కౌన్సిల్‌కు పెట్టాలి. సెప్టెంబరు ప్రవేశానికి ప్రైమరీకి గడువు అంతకు ముందు జనవరి 15, సెకండరీకి అక్టోబరు 31. మధ్యలో దిగినవాళ్లకు ఇన్-ఇయర్ అడ్మిషన్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఆఫ్‌స్టెడ్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ చేసే తనిఖీల్లో ప్రభుత్వ స్కూళ్లకు ఒక్క మాటలో ఇచ్చే తీర్పును 2024 సెప్టెంబరులో తీసేశారు, కాబట్టి "ఔట్‌స్టాండింగ్ స్కూల్" అని ఎవరైనా చెప్తే అది పాత రిపోర్టు. జర్మనీలో ప్రభుత్వ బడి ఉచితం, చదువు జర్మన్‌లో, చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తర్వాతే పిల్లల్ని వేర్వేరు రకాల స్కూళ్లకు విడదీస్తారు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలైతే భాష పట్టేస్తారు, పన్నెండేళ్ల పిల్లకు జర్మన్ రాకుండా ఆ బడిలో వేయడం అన్యాయం. సింగపూర్‌లో ప్రభుత్వ స్కూలుకు విదేశీ పిల్లలు మామూలుగా ఏఈఐఎస్ అనే పరీక్ష రాయాలి, అందుకే మనవాళ్లు ఎక్కువమంది ఇండియన్ స్కూళ్లకు పోతారు. ఆస్ట్రేలియాలో వీసా రకాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి ప్రభుత్వ స్కూల్లోనూ ఫీజు పడొచ్చు.

కాగితాల్లో అందరికీ తగిలే దెబ్బ పేరు. బర్త్ సర్టిఫికెట్‌లో "కె. వెంకటేశ్", పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విప్పి, స్కూలు రికార్డులో ఇంకోలా, తండ్రి పేరు ఒకచోట రెడ్డితో, ఒకచోట లేకుండా. ఇవన్నీ ఒకే స్పెల్లింగ్‌లోకి తెచ్చుకునే పని పాస్‌పోర్ట్‌కు పోయే ముందే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో మొదలుపెట్టండి. తర్వాత టీసీ. యూఏఈ, కువైట్, ఖతర్ లాంటి చోట్లకు అపోస్టిల్ (మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ స్టాంపు) ఒక్కటే సరిపోదు, డీఈఓ సంతకంతో మొదలై విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ దాకా స్టాంపులు పడాలి. ఏ క్లాసుకు ఏవి కావాలో చేరబోయే స్కూలునే మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోండి. ఏజెంటు అన్నీ కావాలంటాడు, ఆయన బతుకు అది. మార్కుల కార్డులు రెండేళ్లవి, టీచర్ రాసిన చిన్న ఇంగ్లీష్ లెటర్ ఒకటి, పిల్లోడికి కళ్లద్దాలో ఆస్తమానో ఉంటే డాక్టర్ కాగితం, ఇవి పట్టుకుపోతే మంచిది.

స్కూలు వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు బిల్డింగ్, స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు. మీరు సెక్షన్‌కు ఎంతమంది అని అడగండి. మధ్యలో చేరిన పిల్లోడికి మొదటి నెల ఎవరు తోడుంటారు, రెండో భాషగా ఏవి ఉన్నాయి, కొట్టుకుంటే, ఏడిపిస్తే ఎవరికి చెప్పాలి. రెండో భాష ముఖ్యం. గల్ఫ్ ఇండియన్ స్కూళ్లలో హిందీ, మలయాళం, తమిళం దొరుకుతాయి, తెలుగు అరుదు. నాలుగేళ్ల తర్వాత తిరుపతికి వచ్చి ఎనిమిదిలో చేరితే పిల్లోడు "క్ష" రాయలేక ఏడుస్తాడు. అమెరికాలో ఉంటే తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి లాంటివి ఉన్నాయి. లేనిచోట వారానికి రెండు రోజులు వీడియోలో అవ్వ చేత చదివించండి, ఆమెకూ పొద్దుపోతుంది.

అక్కడికి చేరాక వీలైతే స్కూలు వదిలే టైమ్‌కి గేటు బయట అరగంట నిలబడండి. పిల్లలు ఎలా బయటికొస్తున్నారు, టీచర్లు పేరు పెట్టి పిలుస్తున్నారా, బస్సుల దగ్గర ఎవరైనా ఉన్నారా, ఇవి ఏ రిపోర్టులోనూ ఉండవు. అక్కడే నిలబడిన తల్లులతో మాట్లాడండి, ముఖ్యంగా అదే క్లాసు పిల్లలున్నవాళ్లతో. వాట్సాప్ గ్రూపుల్లో "సూపర్ స్కూల్ అన్నా" అనేవాళ్ల పిల్లలు కొన్నిసార్లు అక్కడ చదవనే చదవరు.

ఇక్కడి టీసీ మాత్రం తొందరపడి తీసుకోకండి. వీసా చేతికి రావాలి, అక్కడి స్కూలు సీటు ఖాయం చేసి మెయిల్ పంపాలి, అప్పుడే అడగండి. వీసా ఆగిపోయి జూలైలో మళ్లీ అదే స్కూలుకు పోతే కొత్తగా చేరినట్టు మొత్తం ఫీజు కట్టించుకునే చోట్లున్నాయి. ఇచ్చేటప్పుడు ఫీజు బాకీ లేదని రసీదు, యూడైస్ అనే కేంద్ర ప్రభుత్వ రికార్డులో పిల్లోడికి ఉన్న పెన్ నంబరు, అపార్ అనే విద్యార్థి ఐడీ నంబరు రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. తిరిగొచ్చి చేర్చేటప్పుడు ఇక్కడి స్కూలు మొదట అడిగేవి అవే.